తేమ గడి ఖాళీగా ఉంటే
(డైరీ పుటలు, బాన్సువాడ)

2 నవంబర్ 2025, ఆదివారం

మొంథా తుఫాను దాటిపోయినా మబ్బు విడవలేదు. రోడ్డుకు ఒక పక్క పొడుగునా వడ్లు, వాటి మీద టార్పాలిన్లు. ఎవరిని కదిపినా తేమ మాటే.

అక్కా బావా మధ్యాహ్నం వచ్చారు. మేనకోడలు నిజామాబాద్ నుంచి నేరుగా ఇక్కడే దిగింది. బీటెక్ ఆఖరి ఏడాది, చిన్న ప్రాజెక్టు ఒకటి చూపించాలట. బావవీ, పక్క పొలాల వాళ్లవీ కొనుగోలు కేంద్రం చిట్టీలు పోగేసి ఫోన్లో ఎక్కిస్తోంది. క్లాస్‌మేట్ రాసిన యాప్ వాటన్నిటినీ ఒక జేసన్ ఫైలుగా ఇస్తుందట. రైతుల పేర్లు, ఖాతా నంబర్లు ఫైల్లో ఉండొద్దన్నాను. తీసేసింది.

"దీన్ని జావాలో ఆబ్జెక్టుల లిస్టు చేసిస్తే చాలు మామా. మిగతాది నేను చూసుకుంట" అంది.

ముందు ఫైలు తెరిచి చదువు బిడ్డా, కోడు తర్వాత అన్నాను. మొదటి రెండు చిట్టీలు ఇక్కడ ఎక్కించుకుంటున్నా:

[
{"చిట్టీ": "17", "ఊరు": "బోర్లం", "రకం": "సన్నాలు", "సంచులు": 50, "తేమ": 16.4, "తేదీ": "01/11/2025"},
{"చిట్టీ": "18", "ఊరు": "మైలారం", "రకం": "దొడ్డు", "సంచులు": 72, "తేదీ": "01/11/2025"}
]

బయట స్క్వేర్ బ్రాకెట్ అంటే వరుస. లోపల ఒక్కో ఫ్లవర్ బ్రాకెట్ ఒక్కో చిట్టీ. కోట్స్‌లో ఉన్నది పాఠం, కోట్స్ లేనిది అంకె. ఇంతవరకు ఆమే చెప్పింది. పద్దెనిమిదో చిట్టీలో ఏం లేదో చూడమంటే కాసేపటికి, "తేమ లేదు" అంది. తేమ చూసే మిషన్ దగ్గర రద్దీలో రాయలేదేమో. ఆ గడిని మర్చిపోకుండా గుర్తు పెట్టుకోవాలి.

3 నవంబర్, సోమవారం

ఆఫీసు పని తొందరగా తెమిలింది. పిల్లకు చెప్పాల్సినవి వరుసగా రాసుకుంటున్నా.

జేసన్‌కు ఆ పేరు పెట్టి, ఈ శతాబ్దం మొదట్లో లోకానికి చూపించింది డగ్లస్ క్రాక్‌ఫర్డ్. జావాస్క్రిప్ట్‌లో విలువలు రాసే తీరులోంచే తీశాడు. ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 8259, 2017 డిసెంబర్‌ది. అందులో విలువలు ఆరు రకాలే: పాఠం, అంకె, అవును-కాదు, నల్, వరుస, ఆబ్జెక్ట్. తేదీ అనే రకం లేదు. రూపాయి లేదు. శాతం లేదు. ఇవన్నీ పాఠంగానో అంకెగానో వేషం మార్చుకుని వస్తాయి. ఏది ఏమిటో తేల్చాల్సింది చదివేవాడే.

జావాలో అలా కాదు. ప్రతిదానికీ రకం చెప్పాలి. లోకల్‌డేట్ వేరు, బిగ్‌డెసిమల్ వేరు, స్ట్రింగ్ వేరు. అంటే మార్పిడి అనే పని రకాలు లేని చోటు నుంచి రకాలున్న చోటికి దాటడమే. ఇబ్బందులన్నీ ఆ దాటేచోటే.

జావాతో పాటు వచ్చే లైబ్రరీలో జేసన్ చదివే పనిముట్టు లేదు. మొన్న సెప్టెంబర్‌లో వచ్చిన జావా 25లో కూడా లేదు. బయటి నుంచి తెచ్చుకోవాలి. గూగుల్ వాళ్ల జీసన్ ఉంది, జాక్సన్ ఉంది. కంపెనీల్లో ఎక్కువగా కనిపించేది జాక్సన్, స్ప్రింగ్ బూట్‌తో పాటే వస్తుంది కనుక. జాక్సన్ 3 అక్టోబర్‌లో విడుదలైంది. ప్యాకేజీ పేర్లూ, కొన్ని డిఫాల్టులూ మారాయి. ఆమె కాలేజీలో చూపించిందంతా 2 కాబట్టి దానితోనే కానిస్తే మేలు.

5 నవంబర్, బుధవారం, కార్తీక పౌర్ణమి

సెలవు. అక్క తెల్లారే దీపాలు పెట్టి గుడికి పోయింది. మేం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం.

జావాలో క్లాసులకూ ఫీల్డులకూ తెలుగు పేర్లు పెట్టొచ్చని ఆమెకు తెలియదు. జావా యూనికోడ్ అక్షరాలను పేర్లలో ఒప్పుకుంటుంది, గుణింతాలతో సహా. కీవర్డులు మాత్రం ఇంగ్లిష్‌వే. కంపెనీ కోడులో ఎవరూ ఇలా రాయరు, కానీ నేర్చుకునేటప్పుడు ఏది జావా మాటో, ఏది మనం పెట్టిన పేరో రంగు వేసినట్టు తెలిసిపోతుంది. రికార్డుకు చిట్టీ అని పేరు పెట్టాం. లోపల చిట్టీ, ఊరు, రకం, సంచులు, తేమ, తేదీ. జేసన్‌లోని పేర్లూ ఇవే కాబట్టి జాక్సన్‌లో మార్పిడి చేసే మ్యాపర్‌కు వేరుగా ఏం చెప్పనక్కర్లేదు. పేర్లు వేరైతే జేసన్‌ప్రాపర్టీ అనే యానొటేషన్‌తో ఏది ఏదో కలపాలి. రికార్డులు జావా 16 నుంచి, 2021లో పక్కాగా వచ్చాయి. అంతకుముందు ఇదే పనికి గెట్టర్లు, సెట్టర్లు అని ఒక పేజీ రాయాల్సి వచ్చేది.

ఆమె మొదట రాసిన వాక్యం: ఆబ్జెక్ట్‌మ్యాపర్‌కు ఫైలు ఇచ్చి, రీడ్‌వాల్యూ పిలిచి, రకం చోట లిస్ట్ డాట్ క్లాస్ అని పెట్టింది. కంపైలర్ ఒక పసుపు హెచ్చరిక ఇచ్చి ఊరుకుంది. నడిపితే లిస్టు వచ్చింది. ఎన్నున్నాయో అడిగితే సరిగ్గా చెప్పింది. ప్రింట్ చేస్తే అన్నీ కనిపించాయి. మొదటి చిట్టీ తీసి సంచులు అడగ్గానే పడిపోయింది: లింక్డ్‌హ్యాష్‌మ్యాప్‌ను చిట్టీగా మార్చలేను అని.

"లిస్టు నిండుగనే ఉంది గదా మామా, మరి లోపల చిట్టీలు లేకపోవుడేంది?"

కారణం 2004 నాటిది. జావా 5లో జెనరిక్స్ తెచ్చినప్పుడు పాత ప్రోగ్రాములు చెడకూడదని, రకం సమాచారాన్ని కంపైలర్ చూసుకున్నాక చెరిపేసేలా కట్టారు. నడిచే సమయానికి చిట్టీల లిస్టూ, ఊళ్ల లిస్టూ రెండూ ఉత్త లిస్టులే. లోపల ఏం ఉండాలో చెప్పకపోతే జాక్సన్‌కు తెలిసే దారి లేదు. ఒక్కో ఫ్లవర్ బ్రాకెట్‌నూ పేరూ విలువల మ్యాప్‌గా చేసి పెట్టేస్తుంది.

చెప్పే దారులు రెండు చూపించాను. మొదటిది టైప్‌రిఫరెన్స్. న్యూ టైప్‌రిఫరెన్స్ అని, కోణపు బ్రాకెట్లలో లిస్ట్ ఆఫ్ చిట్టీ అని రాసి, చివర ఖాళీ ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టాలి. అందరూ అలంకారం అనుకునే ఆ ఖాళీ బ్రాకెట్లలోనే కీలకం ఉంది. వాటివల్ల అక్కడికక్కడ పేరు లేని ఒక కొత్త క్లాసు పుడుతుంది. తాను దేనినుంచి పుట్టిందో ఆ వివరం, రకంతో సహా, క్లాస్ ఫైల్లో చెరగకుండా ఉంటుంది. జాక్సన్ దాన్ని చదువుకుంటుంది. ఈ ఉపాయాన్ని 2006లో బయటపెట్టింది నీల్ గాఫ్టర్. జీసన్‌లో ఇదే టైప్‌టోకెన్.

రెండోది అరే. చిట్టీల అరేకు నడిచే సమయంలో కూడా తన రకం తెలుసు. అరేగా చదివి అరేస్ డాట్ యాజ్‌లిస్ట్‌తో లిస్టు చేసుకోవచ్చు. కాకపోతే ఆ లిస్టుకు కొత్త చిట్టీ కలపబోతే ఒప్పుకోదు. పొడుగు మారని లిస్టు అది. కలుపుకోవాలంటే న్యూ అరేలిస్ట్‌లో పోసుకోవాలి.

టైప్‌రిఫరెన్స్ పెట్టి నడిపింది. పదిహేడో చిట్టీకి సంచులు 50 అని వచ్చింది. "ఇంతేనా?" అంది. మార్చే వాక్యం అయితే ఇంతే.

8 నవంబర్, శనివారం

బావ వచ్చి లెక్క చూపించమన్నాడు. ఈసారి మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,369, ఏ గ్రేడ్‌కు 2,389. సన్నాలకు రాష్ట్రం ఇచ్చే బోనస్ 500 అదనం. సంచికి 40 కిలోలు. పదిహేడో చిట్టీ: 50 సంచులు, 20 క్వింటాళ్లు, ధర 47,780, బోనస్ 10,000, మొత్తం 57,780. బావ నోటి లెక్కా, ప్రోగ్రాం లెక్కా కలిశాయి.

తర్వాత తేమ 17 శాతం దాటనివన్నీ వేరుగా తీసింది. కొనుగోలు కేంద్రం గీత అదే. ఆ జాబితాలో పద్దెనిమిదో చిట్టీ కూడా ఉంది. పక్కన తేమ 0.0.

బావ నవ్వాడు. "సున్నా తేమ వడ్లు ఏ కల్లంల ఉంటయ్ బామ్మర్దీ? అవి వడ్లా, పేలాలా?"

పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. ప్రోగ్రాం ఎక్కడా పడలేదు, ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు. అందుకే ఇది మొన్నటి లింక్డ్‌హ్యాష్‌మ్యాప్ కన్నా ప్రమాదం. అది అరిచి ఆగింది. ఇది నెమ్మదిగా అబద్ధం చెప్పింది.

జరిగింది ఇది. తేమ ఫీల్డుకు చిన్న అక్షరంతో మొదలయ్యే డబుల్ పెట్టింది. ఆ రకంలో ఖాళీ అనేదే లేదు, ఏదో ఒక అంకె ఉండి తీరాలి. ఫైల్లో గడి లేకపోతే జాక్సన్ 2 మారు మాట్లాడకుండా సున్నా వేస్తుంది. నల్ అని స్పష్టంగా రాసి ఉన్నా డిఫాల్టుగా సున్నాయే. సున్నా 17 కన్నా తక్కువ. తడి వడ్లు కాగితం మీద ఎండిపోయాయి.

పెద్ద అక్షరంతో మొదలయ్యే డబుల్ పెడితే గడి లేనప్పుడు నల్ వస్తుంది. లేదు అన్న సంగతి లేదుగానే నిలుస్తుంది. మనం చూసుకోకుండా 17తో పోలిస్తే ప్రోగ్రాం నల్‌పాయింటర్ అని పడిపోతుంది. పడిపోవడమే నయం.

అయితే ఆపడం ఎక్కడ? రికార్డు కన్‌స్ట్రక్టర్‌లోనే తేమ లేకపోతే ఎక్సెప్షన్ వేయొచ్చు. అప్పుడు మొత్తం ఫైలు చదవడమే ఆగిపోతుంది, మొదటి తప్పు చిట్టీ నంబరు మాత్రమే తెలుస్తుంది. బ్యాంకు జమల్లాంటి చోట అలాగే ఉండాలి. మాకు కావాల్సింది, ఏయే చిట్టీలు సరిచేయించాలో ఒక్కసారే తెలియడం. కాబట్టి లిస్టులోకి నల్‌తోనే రానిచ్చి, లెక్కలోకి పోకముందు రెండుగా విడదీశాం: అన్ని గడులూ నిండినవి ఒక లిస్టు, ఆపి ఉంచినవి ఒకటి. స్ట్రీమ్‌లో పార్టిషనింగ్‌బై ఈ పని చేసిపెడుతుంది. కొనుగోలు కేంద్రంలోనూ వరస ఇదే. కాంటా ఎక్కకముందే తేమ చూస్తారు, ఎక్కాక కాదు.

బావ రెండో లిస్టు ఫోన్లో ఫొటో తీసుకుని పోయాడు. ఎవరెవరిని అడగాలో అతనికే తెలుసు.

9 నవంబర్, ఆదివారం

ఫీల్డు ఫీల్డుకూ ఒకే ప్రశ్న అడుగుతూ కూర్చున్నాం: నువ్వు నిజంగా ఏమిటి?

చిట్టీ నంబరు. చూడ్డానికి అంకె. కానీ దాన్ని ఎవరం కూడం, తీసేయం. దేనితో లెక్క చేయమో అది పాఠమే. ముందు సున్నాలున్న నంబరును జేసన్‌లో అంకెగా రాయడమే కుదరదు, జాక్సన్ తిప్పి పంపుతుంది. ఖాతా నంబర్లయితే ఇంకో చిక్కు. జావా లాంగ్ 18 అంకెల దాకా ఏ నంబరునైనా మోస్తుంది గానీ, మధ్యలో ఆ ఫైలు జావాస్క్రిప్ట్ చేతుల్లోంచి వస్తే 9,007,199,254,740,991 దాటాక చివరి అంకెలు మారిపోగలవు. పట్టాదారు పాస్‌బుక్ నంబరు టీ అక్షరంతో మొదలవుతుంది కాబట్టి అక్కడ ఎవరికీ అనుమానం రాదు. మిగతావాటికీ అదే మర్యాద ఇవ్వాలి.

డబ్బు. డబుల్‌లో వద్దు, బిగ్‌డెసిమల్. డబుల్‌లో 0.1కీ 0.2కీ కూడిక కచ్చితంగా 0.3 రాదు. బిగ్‌డెసిమల్‌తోనూ ఒక జాగ్రత్త ఉంది. 16.4, 16.40 రెండూ ఈక్వల్స్‌తో చూస్తే సమానం కావు, కంపేర్‌టూతో చూస్తే సమానం.

తేదీ. 01/11/2025. మనకు నవంబర్ ఒకటి, అమెరికావాడికి జనవరి పదకొండు. నెట్‌లో దొరికిన ఉదాహరణను ఉన్నదున్నట్టు దించితే, నెల ముందుండే నమూనా వచ్చి పడొచ్చు. అప్పుడు నెలలో మొదటి పన్నెండు రోజుల చిట్టీలన్నీ హాయిగా చదవబడతాయి, చాలా వరకు తప్పు తేదీలతో. పదమూడో తారీఖున ప్రోగ్రాం పడిపోతుంది. మేం రోజు, నెల, సంవత్సరం అని జేసన్‌ఫార్మాట్‌లో రాసి, లోకల్‌డేట్ అర్థం కావడానికి జావాటైమ్‌మాడ్యూల్‌ను మ్యాపర్‌కు జతచేశాం. జాక్సన్ 3లో అది లోపలే ఉంటుంది.

12 నవంబర్, బుధవారం

రాత్రి మేనకోడలి ఫోన్. క్లాస్‌మేట్ యాప్‌లో లారీ నంబరు గడి కొత్తగా చేర్చాడట. ప్రోగ్రాం ఆగిపోయింది: తెలియని ఫీల్డు అని. జాక్సన్ 2 అలవాటు అది. జేసన్‌ఇగ్నోర్‌ప్రాపర్టీస్ పెట్టి తెలియనివి వదిలేయమని చెప్పొచ్చు. బయటివాళ్ల ఫైలయితే వదిలేయమంటాను, వాళ్లు ఎప్పుడేం చేరుస్తారో మన చేతుల్లో ఉండదు. సొంత ఫైలయితే ఆగనివ్వమంటాను. తేమ అన్న పేరును ఎవరైనా వేరేలా రాస్తే, వదిలేసే ప్రోగ్రాం దాన్ని తెలియని ఫీల్డు కింద పారేస్తుంది, అసలు తేమ గడి ఖాళీ అవుతుంది.

ఇంకోటి. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్ నుంచి మార్కెట్ ధరలు కూడా తెచ్చి పక్కన చూపించాలనుకుంటోంది. అక్కడ ప్రతి నమోదులో రాష్ట్రం, జిల్లా, మార్కెట్, పంట, వచ్చిన తేదీ, కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువగా పలికిన) ధరలు ఉంటాయి. కానీ బయట స్క్వేర్ బ్రాకెట్ కాదు, ఫ్లవర్ బ్రాకెట్. వరుస లోపల రికార్డ్స్ అనే పేరు కింద ఉంటుంది. లిస్టు అడిగితే, ఆబ్జెక్ట్ మొదలైంది, లిస్టు చేయలేను అంటుంది. దానికి రీడ్‌ట్రీతో చెట్టుగా చదివి, రికార్డ్స్ కొమ్మ దగ్గరికి పోయి, దాన్ని మాత్రమే లిస్టుగా మార్చాలి. లేదా బయటి ఆబ్జెక్ట్‌కు కూడా ఒక రికార్డు రాయాలి.

జిల్లా పేరును నమ్ముకోవద్దని కూడా చెప్పాను. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా పుట్టేదాకా బాన్సువాడ నిజామాబాద్ జిల్లాలో ఉండేది. చుట్టుపక్కల వర్ని, కోటగిరి, రుద్రూర్ ఇప్పటికీ నిజామాబాద్ జిల్లాలోనే. పాత ఏళ్ల ధరలు కలిపేటప్పుడు జిల్లా పేరుతో గుంపు కడితే ఒకే ఊరు రెండుగా చీలుతుంది.

15 నవంబర్, శనివారం

ఊరివారీ లెక్కలో మైలారం రెండుసార్లు వచ్చింది. రెండూ పక్కపక్కనే, కంటికి ఒక్కటే. ఈక్వల్స్ మాత్రం కాదంటోంది.

ఐత్వం సంగతి ఇది. యూనికోడ్‌లో ఐత్వానికి 0సీ48 అని ఒకే సంకేతం ఉంది. ఎత్వం 0సీ46, దాని కింద గుర్తు 0సీ56 కలిపి రెండుగా రాసినా అదే రూపం. ఒక ఫోన్ కీబోర్డు ఒకలా, ఇంకోటి ఇంకోలా ఇచ్చినట్టుంది. నార్మలైజర్ క్లాసుతో ఎన్‌ఎఫ్‌సీ రూపానికి తెస్తే రెండూ ఒక్కటవుతాయి. రికార్డు కన్‌స్ట్రక్టర్‌లో ఊరు పేరుకు ఆ ఒక్క పిలుపు చేర్చాం, చివరి ఖాళీలు కత్తిరించడంతో పాటు. రేపు జావా పేర్లకే తెలుగు వాడేవాళ్లకూ ఇదే జాగ్రత్త. రెండు రకాలుగా కొట్టిన ఒకే మాటను జావా రెండు పేర్లుగా చూస్తుంది.

కాలేజీ ల్యాబ్‌లో నడిపితే తెలుగంతా పిచ్చి అక్షరాలుగా వచ్చిందట. అక్కడ జావా 11, విండోస్. జావా 18 నుంచి యూటీఎఫ్-8 డిఫాల్టు, అంతకుముందు కంప్యూటర్ ఏది చెబితే అది. జేసన్ ప్రమాణం ప్రకారం వ్యవస్థల మధ్య తిరిగే ఫైలు యూటీఎఫ్-8లోనే ఉండాలి. జాక్సన్‌కు ఫైలునో బైట్లనో నేరుగా ఇస్తే ఎన్‌కోడింగ్ తనే సరిగ్గా పట్టుకుంటుంది. మధ్యలో ఫైల్‌రీడర్ పెట్టి అక్షరాలుగా మార్చి ఇస్తే అక్కడే చెడుతుంది. ఆమె అక్కడ పెట్టిన ఫైల్‌రీడర్ తీసేయమన్నాను. ల్యాబ్‌లో రికార్డులు కూడా ఉండవు కాబట్టి అక్కడికి మామూలు క్లాసే రాసుకుందట.

16 నవంబర్, ఆదివారం

"రాష్ట్రం మొత్తం చిట్టీలు ఇస్తే ఆగుతదా మామా?"

ముందు మన దగ్గరే చూద్దామన్నాను. 1931లో కట్టడం ముగిసిన నిజాంసాగర్‌కు అనుకున్న ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. ఎకరాకు ఒక చిట్టీ వేసుకున్నా మామూలు ల్యాప్‌టాప్ మెమరీలో ఆ లిస్టు పడుతుంది. రాష్ట్రమంతా, ఏళ్ల తరబడి అయితే లిస్టు చేయడమే తప్పుదారి. మ్యాపింగ్‌ఇటరేటర్‌తో ఒక్కో చిట్టీ చదివి, చూసి, లెక్కలో కలిపి వదిలేయాలి. అన్నీ ఒకేసారి చేతిలో ఉండాల్సిన పని ఉంటేనే లిస్టు.

23 నవంబర్, ఆదివారం

ఆపి ఉంచిన చిట్టీల గడులు బావ నింపించుకొచ్చాడు. పద్దెనిమిదో చిట్టీ తేమ 18.2. మిషన్ పక్కన నోటుబుక్కులో ఉందట. ఆ వడ్లు మళ్లీ ఆరబోసి తర్వాతే కాంటా వేశారు. మేనకోడలి మొదటి ప్రోగ్రాం ప్రకారం అవి ఏ ఇబ్బందీ లేకుండా దాటిపోయినవి.

ప్రాజెక్టు రిపోర్టులో ఆమె రాసిన చివరి పేరా నాకు నచ్చింది. జేసన్‌ను లిస్టుగా మార్చడానికి ఒక వాక్యం చాలనీ, ఆ వాక్యానికి ముందు ఫైలు చదవడం, తర్వాత గడులు చూడడం అసలు పని అనీ రాసింది. నేను ఒక్క మాట కలపమన్నాను: గడి ఖాళీగా ఉంటే ఖాళీ అనే చెప్పు, సున్నా అని చెప్పకు. జావా నేర్చుకునే ఎవరికైనా ముందు ఇదే చెబుతాను.